వేపమండ లేని మాట

సుంకులమ్మ అని రేగడిపాడులో ఒకావిడ ఉండేదంట. ముందే చెబుతున్నాను, ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేస్తానేమో, కానీ జరిగింది మాత్రం ఇదే. ఆ రేగడిపాడుకూ పక్కనున్న సుద్దపల్లెకూ కొండ మీంచి దిగే ఊటకాలువ ఒక్కటే. వానలు పడ్డ ఏడు తగువే లేదు. పడని ఏడు ఏమైందంటే, ఒక ఊరి నారుమళ్లు తడిసేసరికే కాలువ ఎండిపోయేది. మరి ముందు నీళ్లు ఎవరికి? కొట్టుకుని తలలు పగిలాక పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారంట. ఉగాది పోయాక రెండు ఊళ్లవాళ్లూ కళ్లంలో ఎదురెదురుగా కూర్చోవాలి, ఊరికి ముగ్గురు. నీళ్లు వంతులేసే నీరుగట్టి ప్రశ్నలడుగుతాడు, చెట్టు గురించీ గొడ్డు గురించీ ఆ రెండు ఊళ్ల పాత సంగతుల గురించీ. గెలిచిన ఊరికి ముందు నీళ్లు. ముగ్గురికీ కలిపి ఒక వేపమండ ఇస్తారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే ఊరి మాట. మండ లేనివాళ్లు ఎంత మంచి మాట చెప్పినా గాలికి పోయినట్టే అనుకో.

సుంకులమ్మా, ఈరమ్మా, మద్దిలేటీ చిన్నప్పుడు కలిసి మేకలు కాసినవాళ్లు. ముసలివాళ్లయ్యేదాకా ఆ ముగ్గురే ఊరి తరఫున కూర్చునేవాళ్లు, మండ ఎప్పుడూ సుంకులమ్మ చేతిలోనే. "మా సుంకి నోరు తెరిస్తే సుద్దపల్లెవాళ్లు చాపలు చుట్టుకోవాల్సిందే" అనేవాడంట మద్దిలేటి. అయితే ఈసారి ఆమెకు ఒక భయం పట్టుకుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోతోంది. కూతుర్ని పట్టుకుని కోడలి పేరుతో పిలుస్తోంది. పొద్దున్నే విసుర్రాయి దగ్గర కూర్చుని చెట్ల పేర్లన్నీ వల్లెవేసుకునేది, ఒకటి జారిపోతే మళ్లీ మొదటినుంచి. ఈరమ్మ ఒక్కదానికే చెప్పుకుంది, "ఒసే ఈరీ, నేను తడబడితే నా తొడ గిల్లవే" అని. "ఛీ పోవే, నువ్వు తడబడేదేంటి" అందంట ఈరమ్మ. ఆ ఏడు చూస్తే చినుకు లేదు. గాదెల్లో గింజ లేదు. ఆ నారు పోతే ఊరు బతకదు, అది ముగ్గురికీ తెలుసు.

పోటీ మొదలైంది. ఒకటి వీళ్లు చెబితే ఒకటి వాళ్లు చెబుతున్నారు. అప్పుడు నీరుగట్టి, ఆకంతా రాల్చేసి మోడు మీద ఎర్రగా పూసి, అడవి అంటుకున్నట్టు కనబడే చెట్టేది అన్నాడు. మోదుగ. మీలో ఎవర్నడిగినా చెబుతారు కదా! సుంకులమ్మ "తంగేడు" అనేసింది. సుద్దపల్లెవాళ్ల పెద్ద తిమ్మప్ప పకపకా నవ్వి, "తంగేడు ఎప్పుడు ఎర్రబడిందవ్వా, నాకు చెప్పనేలేదే!" అన్నాడంట. కళ్లమంతా నవ్వు. నవ్వకండి మీరు కూడా. మద్దిలేటి మెల్లగా, "ఇటియ్యి సుంకీ, అలిసిపోయావు" అని ఆ మండ ఆమె వేళ్లలోంచి తీసుకున్నాడు. తర్వాత సుద్దపల్లెవాళ్లూ ఒకటి తప్పారు, మళ్లీ సమానమైంది. ఇక ఆఖరిది. కాలువ తూముకు ఇప్పుడు రాతిపలక ఉంది, అంతకుముందున్న చెక్క ఏ చెట్టుది? ముందు రేగడిపాడు చెప్పాలి, తప్పితే సుద్దపల్లె.

సుంకులమ్మకు కళ్లముందు కట్టినట్టు కనబడిందంట. "నారేపి" అంది పక్కవాళ్లకు వినబడేటట్టు. "మా ఆయనే మోసుకొచ్చాడు, ఇనుమంత బరువు. భుజం కమిలితే ఆముదం రాసింది నేనే." మద్దిలేటి ఈరమ్మ వంక చూశాడు. ఈరమ్మ ఏం చేసిందంటే, చెయ్యి చాపి సుంకులమ్మ తొడ గిల్లింది. తానే గిల్లమంది కదా! అయ్యో, మళ్లీ తడబడ్డానా అనుకుని ఆమె నోరు మూసుకుంది. మద్దిలేటి లేచి, మండ ఎత్తి, "తుమ్మ" అన్నాడు. ఎదురుగా తిమ్మప్ప చెవులు పాము చెవులు. "నారేపి" అన్నాడు. నీరుగట్టి లేచి సుద్దపల్లె వైపు కాలువ తిప్పమన్నాడు.

రేగడిపాడు నారు పసుపెక్కి, తర్వాత ఎండుగడ్డి అయిపోయింది. ఎద్దుల్ని సంతకు తోలేశారు. ఈరమ్మ చిన్న మనవరాలు ఆ ఎండల్లో గంజి లేక పోయింది. ఎవరివల్ల ఓడాం అని ఊరు అడిగితే, ఎవరో "తంగేడు ఎర్రగా పూస్తుందన్న ముసలిది లేదూ" అన్నారు. మద్దిలేటి తల వంచుకుని పొగాకు నలుపుకున్నాడు. ఈరమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. చెలమ దగ్గర సుంకులమ్మను చూస్తే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లంట. కొన్నేళ్లకు ఎవరో పిల్ల, "అవ్వా, ఆఖరికి నువ్వేం చెప్పావు?" అని అడిగింది. ఆమె "తుమ్మ అని చెప్పానంట తల్లీ" అంది.

తిమ్మప్ప మాత్రం పోయేముందు కూతుర్ని దగ్గరకు పిలిచి, "ఆ ముసలామె నోట్లో మాట ఎత్తుకొచ్చి గెలిచానే" అన్నాడంట. ఆ కూతురు మా అమ్మమ్మ. ఎవరికి చెప్పాలి, అప్పటికి సుంకులమ్మ లేదు, రేగడిపాడులో సగం ఇళ్లకు కప్పులూ లేవు. ఒసే వరాలూ, రేపు ఈ కథ చెప్పేది నువ్వే కదా, తిమ్మప్పో తిమ్మన్నో, ఈరమ్మో ఈరక్కో, మీ నాన్నకు గుర్తుంటుంది, అడిగి ఆ పేర్లు సరిచూడమ్మా, నాకిప్పుడు నమ్మకం లేదు. నారేపి అన్నది మాత్రం సుంకులమ్మే. అది ఎవర్నీ అడక్కు. నేను ఇంకోలా చెప్పినా సరే, మార్చకు.