జామచెట్టుకు కట్టిన డబ్బా

"అత్తా, ఈ పచ్చళ్ళ పార్సిల్ విప్పకుండా ఇలాగే పెట్టెలో పెట్టెయ్యనా? బాగానే ప్యాక్ చేశారు."

పెట్టకు. ముందు ఆ కత్తెర అందుకో. ఎవరిచ్చారు, మీ ఫ్రెండు పిన్నిగారా? ఎవరైనా సరే, విప్పి చూడాల్సిందే. నవ్వకు. నేను మెల్‌బోర్న్ వెళ్ళేటప్పుడు ఏం జరిగిందో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఆ మాటెత్తితే ఇప్పటికీ లేచి చేతులు కడుక్కోడానికి వెళ్తుంది.

రాజ్యం తెలుసుగా, జగ్గయ్యపేట వాళ్ళమ్మాయి. బెజవాడ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఒకే బకెట్ కూడాను. అప్పట్లో బకెట్ కొనుక్కోవాలన్నా ఇంట్లో ఎంత బతిమాలాలి... సరే, అది కాదు చెప్పొచ్చేది. వాళ్ళమ్మగారు పేట నుంచి బస్సులో క్యారియర్ పంపితే నాకూ ఒకటి పంపేది. నేను ఉద్యోగం మానేశాక, "మూడు నెలలు వచ్చి నా దగ్గర ఉండవే" అని రాజ్యం ఒకటే పోరు. వీసా వచ్చింది. అంతలో వాళ్ళమ్మగారు పోయింది. రాజ్యానికి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది, కదల్లేదు. అంతా ఫోన్లోనే చూసింది, పాపం.

నా ఇల్లు అద్దెకిచ్చేసి ఇక్కడే, మీ ఇంట్లోనే సామాను సర్దుకుంటున్నా. నువ్వు హైదరాబాదులో ఉన్నావు. వాళ్ళన్నయ్య భాస్కరరావు, పేటలో పురుగుమందుల కొట్టు ఆయన, బండి మీద నందిగామ వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. "లోపలికి రండన్నయ్యా, కాఫీ తాగి వెళ్దురుగాని" అంటే రాడే! మంచినీళ్ళు కూడా ముట్టలేదు. స్టీలు డబ్బా ఒకటి చేతిలో పెట్టి, "రాజ్యానికి సున్నిపిండమ్మా. అమ్మ పోయేముందు దగ్గరుండి కొట్టించింది. పెద్ద పెట్టెలో వెయ్యకు, నీ చేతిసంచిలోనే ఉంచు" అన్నాడు. పోయినావిడ కొట్టించిందంటే నేనేం మాట్లాడతాను? మీ అమ్మయితే దాన్ని ఎక్కడంటే అక్కడ పెట్టకూడదని తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది. వింటున్నావా? దేవుడి గూట్లో!

ఇంక నాలుగు రోజుల్లో ప్రయాణం అనగా చూస్తే మూత వదులుగా ఉంది. సంచిలో ఒలికితే అసహ్యంగా ఉంటుంది, జిప్పు కవర్లోకి మారుద్దామని మంచం మీద పేపరు పరిచి ఒంపా. మీ అమ్మ చిటికెడు తీసి వాసన చూసి, "ఇదేం సున్నిపిండి సుశీలా, వాసనకి కచ్చూరాలే వెయ్యలేదు" అంది. సరిగ్గా అప్పుడే డబ్బాలోంచి తెల్లటి ముక్క ఒకటి టక్కుమని పేపరు మీద పడింది. దాని వెనకాలే ఇంకోటి. అన్నేళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, నాకొకరు చెప్పాలా?

మీ అమ్మ ఇంకా వేళ్ళు ముక్కు దగ్గరే పెట్టుకుని ఉంది.

"వదినా, చెయ్యి దించు."

"ఏం?"

"అవి అస్థికలు."

ఆవిడ అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మనవాళ్ళు అస్థికల కుండని గడప దాటనిస్తారటే? బయట చెట్టుకి కట్టి, అట్నుంచటే ముక్త్యాల రేవుకి తీసుకెళ్ళి కృష్ణలో కలుపుతారు. అలాంటిది మనింట్లో రోజూ హారతిచ్చాం! ఆయన గేటు బయటే ఎందుకు ఆగాడో, నీళ్ళెందుకు ముట్టలేదో అప్పుడు వెలిగింది నాకు. అంతా తెలిసి, నా చేతికిచ్చి పోయాడు!

ఫోన్ చేశా. ఆయనకి కాదు, రాజ్యానికే. నాలుగూ దులిపి, టికెట్ రద్దు చేసుకుంటున్నా, నీకూ నాకూ ఇంతటితో సరి అని చెప్పడానికే చేశా. "ఏమే" అన్నానో లేదో, అది ఏడుపు. "అడగ్గానే అమ్మని తెస్తానన్నావటగా. అన్నయ్య చెప్పాడే. అప్పట్నుంచే నాకు కాస్త నిద్ర పడుతోంది."

చూశావా? నాకొక అబద్ధం, దానికొక అబద్ధం. ఇటు మంచం మీద పేపర్లో ఆవిడ, అటు ఫోన్లో ఇది. నాకేమీ తెలీదే అంటే దానికి ఏం మిగుల్తుంది? "అవును, తెస్తున్నా. ఎయిర్‌పోర్టులో ఏం కాగితాలు చూపించాలో కనుక్కుందామని చేశా" అన్నా.

పేపరు మడిచి ఒక్క రవ్వ పోకుండా మళ్ళీ డబ్బాలోకి ఒంపా. మీ అమ్మ ఇల్లంతా పసుపునీళ్ళతో కడిగించింది. డబ్బాని గుడ్డలో మూటకట్టి పెరట్లో మునగచెట్టుకి... కాదు కాదు, మునగకొమ్మ ఊరికే విరుగుతుందని జామచెట్టుకి కట్టా. మర్నాడు భాస్కరరావు కాగితాలు తెచ్చి మళ్ళీ గేటు బయటే నిలబడ్డాడు. "ఇప్పుడు లోపలికి రావచ్చు, మీ అమ్మగారు చెట్టు మీదున్నారు" అన్నా. తలొంచుకున్నాడు. నేనూ కాఫీ ఇవ్వలేదు.

బయల్దేరే రోజు సామానంతా కారెక్కించాక, ఆఖర్న వెళ్ళి మూట విప్పుకున్నా. "పదండి పిన్నిగారూ" అన్నా, ఏదో అలవాటుకొద్దీ.

అక్కడ దిగితే రాజ్యం చేతికర్రతో వచ్చింది. నన్ను పలకరించనుకూడా లేదు. చేతిసంచి వంకే చూస్తూ, "ముందు సముద్రం దగ్గరికే పోదామే, ఇంట్లోకి తేకూడదుగా" అంది. అన్నేళ్ళు ఆ దేశంలో ఉన్న మనిషి! అది వచ్చిన కార్లోనే, పెట్టెలతో సహా, అట్నుంచటే...

సరే, విప్పావా? ఆవకాయేనా? ఏదీ, వేలితో ముట్టుకుని... వద్దులే, చెంచా పెట్టి చూడు. ఆఁ, మూత గట్టిగా బిగించు. క్షేమంగా వెళ్ళి రా తల్లీ, హాయిగా తిరిగి రా. వచ్చేటప్పుడు వాళ్ళేమన్నా ఇస్తే మాత్రం...