ఒంటిచేతి స్వెటర్

మంచం మీద కుప్పపోసిన, సగంలో ఆగిన కుట్లూ అల్లికలూ చూసి చెల్లెలు ముక్కున వేలేసుకుంది. అక్క తలెత్తకుండా చిక్కుపడిన ఊలు విడదీస్తోంది.

“ఒక్కటీ పూర్తిచెయ్యలేదేంటక్కా? ఈ స్వెటర్‌కి ఒక చెయ్యే ఉంది!”

“నాకోసం మొదలుపెట్టాను. రెండో చెయ్యి అల్లుతుంటే నీకు నొప్పులొచ్చాయని కబురొచ్చింది. పరిగెత్తుకొచ్చాను.”

“మరి ఈ జాకెట్టు?”

“అది కుడుతున్నప్పుడు అమ్మ మంచాన పడింది. నీకు ఉద్యోగం, తమ్ముడికి తీరిక లేదు. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని నేనే దొరికాను.”

“అలా దెప్పకక్కా. నిన్నెవరైనా బలవంతపెట్టారా?”

“లేదు. అడిగారు. కాదనడం నాకు చేతకాలేదు.”

చెల్లెలు కాసేపు జాకెట్టు గుడ్డ మడతలు సరిచేసింది.

“అసలు ఎందుకొచ్చానంటే... మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. నువ్వో ఆర్నెల్లు వచ్చి ఉంటే...”

“కన్నతల్లివి, నువ్వున్నావుగా.”

“నాకవన్నీ ఎక్కడొచ్చక్కా? నీకైతే అలవాటు.”

అక్క చేతులు ఆగిపోయాయి. తను ధారపోసిన వయసంతటికీ చెల్లెలు పెట్టిన పేరు అలవాటు! ఆమె స్వెటర్‌ని ఒళ్ళోకి లాక్కుని, ఆగిన చోటునుంచి అల్లడం మొదలుపెట్టింది.

“అక్కా, అమ్మాయికేం చెప్పమంటావు?”

“పెద్దమ్మ రాదని చెప్పు. వెళ్ళేటప్పుడు ఆ తలుపు దగ్గరగా వెయ్యి.”