వేడి పెట్టెలోని ఈస్టు

ప్రయోగశాలలో సీనియర్ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. జూనియర్ వెనక నిలబడింది.

"అక్కా, మీ పాపలో మారిపోయిన జన్యువు పెట్టిన ఈస్టు బాగానే పెరిగిందిగా! ఆ జన్యువు చేసే ఎంజైముకి మనం తగిలించిన మెరుపు కణాల కేంద్రకంలోనే కనిపిస్తోంది. ఇంకా భయమెందుకు?"

"అది చల్లటి పెట్టెలోది. వేడి పెట్టెలోది చూడు."

"అయ్యో, మెరుపంతా కేంద్రకం బయటికొచ్చేసింది! ఎంజైము తగ్గిందా?"

"రవ్వంత కూడా తగ్గలేదు. అందుకే పాప రక్తపరీక్షలో అంతా బాగుందన్నారు."

"మరి కణాలు?"

"ఒక్కటీ మొగ్గ తొడిగి కొత్త కణాన్ని పుట్టించలేదు, చచ్చిపోతున్నాయి. వంటమనిషి వీధిలో కూర్చుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారే?"

"వేడి ఎంత పెట్టారు?"

"జ్వరమొచ్చిన ఒంటికుండేంత."

"పోనీలే అక్కా, పాపకిప్పుడు జ్వరం లేదుగా... మీ ఫోను మోగుతోంది. పాప బడి నుంచి."

"నువ్వే ఎత్తవే. పొద్దున జడ వేస్తుంటే దాని మెడ వెచ్చగా తగిలింది."