ఎటు దిక్కూ లాభం లేనోడు

శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో ట్రాలీలు వరుస పెడుతున్న సత్తయ్య దగ్గరికి, పనివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే మాధవీలత వచ్చి నిలబడింది. నిన్నటి క్లాసు తలచుకుంటే ఆమెకు ముఖం చెల్లడం లేదు.

“సత్తయ్యగారూ, నిన్న డిసింట్రెస్టెడ్ అన్న మాటకు మీరు చెప్పిన అర్థమే సరైనదండీ. ఇంటికెళ్లి డిక్షనరీ చూశాను.”

“ఎటు దిక్కూ లాభం లేనోడు. గంతే గద, మేడం?”

“అంతే. ఆసక్తి లేనివాణ్ణి అన్‌ఇంట్రెస్టెడ్ అనాలి. నేనే రెండూ కలిపేశాను.”

“పాల్మాకులల ఇద్దరి పొలం గట్టు పంచాయితీ కోర్టుకెక్కితే నేను గవాయి చెప్పిన, సాచ్చెం. ఇద్దరిల ఎవ్వలూ నాకు చుట్టం గాదు, గాడ నా భూమి లేదు. నా అసుంటోన్ని గీ మాటంటరని వకీలు సాబ్ చెప్పిండు. నేను మొదలు నేర్చిన ఇంగ్లిష్ మాట గదే.”

“అది తప్పని నేను నవ్వాను. క్షమించండి.”

“మీరు నవ్వినంక ముప్పై మంది నవ్విన్రు. మా అల్లుడు గూడ అండ్లనే ఉండె.”

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“ఒక్క మాటండీ. ఈ సంగతి క్లాసులో ఎవరితోనూ అనకండి. టీచరుకే రాదని తెలిస్తే రేపటి నుంచి నా మాట ఎవరూ వినరు.”

సత్తయ్య చేతిలోని ట్రాలీని వరుసలోకి నెట్టాడు.

“గట్లనే, ఎవ్వలకు చెప్ప. ఉత్త మాఫీ అడుగనీకే వచ్చిన్రనుకున్న, మేడం. ఇందుల మీ లాభం గూడ ఉన్నదని నాకు ఎరుకలేదు.”