జీపా, పికప్పా

1980 జనవరి, ఆదివారం మధ్యాహ్నం. ఇల్లినాయ్‌లో ఒక ఫౌండ్రీ ఊరు. ఫౌండ్రీలో సమ్మె మొదలై పదకొండు వారాలు. సమ్మెలో ఉన్న మెకానిక్ భాస్కర్ ఇంటి వంటగది. ఎదురు కుర్చీలో అతని పాత స్నేహితుడు సాంబశివరావు, అదే ఫౌండ్రీలో ఇంజనీరు, సమ్మెలో లేడు. పెనం దగ్గర భాస్కర్ భార్య నళిని.

"కొంటే కొనుక్కో సాంబా, పికప్పే కొనుక్కో. కానీ మంచుల దాని తోక నీ మాట వినదు. ముందే చెప్తున్న."

"తోకేంట్రా భాస్కర్?"

"వెనక భాగం. ఇంజన్ ముందుంటది, బరువంతా ముందే. వెనక ఉత్త డబ్బా. బండిని తోసేదేమో వెనక చక్రాలు. వాటి మీద బరువేది? మంచు మీద గట్టిగ గ్యాస్ పెడల్ తొక్కినవనుకో, నువ్వు సీదా పోతుంటవ్, నీ తోక నీ పక్కకొచ్చి హలో అంటది."

"మరి ఈ ఊళ్ళో అందరూ పికప్పులే తోల్తారు కదా?"

"ఇసుక బస్తాలు వేస్తరు. నాలుగు బస్తాలు, సరిగ్గ వెనక ఇరుసు మీదికొచ్చేటట్టు. నవంబర్ల ఫౌండ్రీ గ్యారేజీల నా మొదటి పని అదే. ఈ ఏడు ఎవడు వేసిండో, అసలు వేసిండో లేదో."

"ఏవండీ, నాలుగు చక్రాలూ తోసే పికప్పయితే?"

"అది మేలే నళినీ. కాని పొడుగు. నువ్వన్న చెట్ల సందున తిప్పాల్నంటే ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి. తెల్లారుతది. అదే జీపనుకో, పొట్టిది. తిప్పినట్టు తిరుగుతది. కప్పుంది, వెనక సీటుంది, మనుషులెక్కితే బరువు నాలుగు చక్రాల మీదా పడ్తది. కూరుకపోవుడు తక్కువ."

"అయితే జీపే అంటావు."

"ఆగరా, నీకన్నీ తొందర. దానికీ రోగాలున్నయ్. ఎత్తు ఎక్కువ, పొడుగు తక్కువ. ఏటవాలు మీద అడ్డంగ పోయినవంటే పక్కకి ఒరుగుతది. హీటరు అంత పెద్ద డబ్బాను వెచ్చ చెయ్యాలె, అరగంట పడ్తది. పికప్పయితే చిన్న క్యాబిన్, చిటికెల వేడెక్కుతది. ఇగ గ్యాస్, అదే పెట్రోలు అంటవా, రెండూ తాగుబోతులే. పోయిన ఎండాకాలం బంకుల కాడ లైన్లు మర్చిపోయినవా?"

"గ్యాస్ సంగతి వదిలెయ్."

"వదిలెయ్యాల్నా? పేపర్ల కూపన్లు కత్తిరించుకొని కొట్టుకు పోయేటోడివి, నువ్వు గ్యాస్ సంగతి వదిలెయ్యమంటున్నవ్?"

"ఇంకో పెసరట్టు వేస్తాను అన్నయ్యా."

"చాలు చెల్లెమ్మా, కడుపు నిండింది. ఒరేయ్, పికప్ వెనకాల మనుషులు కూచోవచ్చా?"

"ఈ చలిలనా? సున్నా కింద పదుంది బయట. గొర్లను గూడ అట్ల తీస్కపోరు. ఎంతమంది?"

"ఆరుగురు."

"ఆరుగురా! యాడికి?"

"విస్కాన్సిన్. ఫ్రెండ్స్ కలిసి ఒక క్యాబిన్ తీసుకున్నాం. ఐస్ ఫిషింగ్."

"నువ్వా? ఫిషింగా? నళినీ, విన్నవా? చేపల కూర వండిన ఇంట్ల మంచినీళ్ళు ముట్టడు ఈ మనిషి. గడ్డకట్టిన చెరువుకు బొక్క పెట్టి చేపలు పడ్తడట!"

"పట్టడానికి తిననక్కర్లేదు కదా."

"అది నిజమే. చేపల తరఫున నీకు దండం పెడ్త."

"నవ్వింది చాల్లే గానీ, బాగా పల్లం దిగాలనుకో. ముప్ఫై అడుగులు. మంచు గడ్డ. అప్పుడు?"

"దిగిన వెంటనే మలుపుంటుందనుకోండి."

"మంచిగడిగినవ్ నళినీ. బ్రేకు ముట్టొద్దు. పల్లం మొదట్ల బండి ఆపి, లో రేంజిల వెయ్యాలె, ఫస్ట్ గేరు. ఇగ పాదాలు రెండూ కింద పెట్టుకొని కూసో. ఇంజనే బండిని పట్టుకుంటది. నాలుగు చక్రాల బండి కొన్నోళ్ళంతా చేసే తప్పు ఒక్కటే. ముందుకు పోనిస్తది కదా, ఆపుతది గూడ అనుకుంటరు. గడ్డ మీద ఆగే కాడ అన్ని బండ్లూ ఒక్కటే."

"లో రేంజ్ అంటే ఆ రెండో గేరు రాడ్డేనా? నడుస్తూ ఉండగా లాగెయ్యొచ్చా?"

"అయ్యో అన్నయ్యా, బండి ఆపి, క్లచ్ తొక్కి, అప్పుడు మార్చాలి."

"చూసినవా? ఇంజనీరువి. మా ఇంటిది నయం, గేరు బండి నేనే నేర్పిన. ఇంగో మాట, ముందు చక్రాలకు హబ్బులుంటయ్, దిగి చేత్తో తిప్పాలె, అప్పుడే అవి గూడ బండిని తోస్తయ్. రోడ్డు వదలక ముందే తిప్పు. కూరుకపోయినంక తిప్పుత అంటే మోకాళ్ళ లోతు మంచుల పాకుకుంట పోవాలె."

"పక్క అద్దాలకి నల్ల కాగితం అంటించొచ్చా? లోపల ఎవరున్నారో కనపడకుండా."

"ఎవరికి? చేపలకా?"

"ఊరికే అడిగా."

"బాగనే అడుగుతున్నవ్. ఇంతకు ఎప్పుడు కొంటవ్?"

"కొనడమంటే... రెండూ ఉన్నాయి. ఏది తియ్యాలా అని. కొబ్బరికాయ, నిమ్మకాయలు కూడా తెప్పించి పెట్టుకున్నా. కొత్త బండి కదా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకుండా ఎలా తీస్తాం? ఆరింటికి కదిలిస్తే సరిపోతుంది. ఏడున్నరకి రాహుకాలం వస్తుంది."

"ఇక్కడి రాహువు సెంట్రల్ టైమేనా? గడియారం మార్చుకున్నడా?"

"వెటకారం వద్దురా. నమ్మకం నాది."

"నీ నమ్మకం నీదే. ఏడున్నరకా రాహుకాలం?"

"ఊఁ."

"మా అమ్మ క్యాలెండరు చూడకుండ చెప్పేది. ఏడున్నరకు రాహుకాలం సోమవారం నాడు. అంటే రేపు."

"రేపే. అయితే?"

"సోమవారం పొద్దున ఫిషింగా?"

"లీవు పెట్టా."

"సమ్మె అయ్యేదాక ఇంజనీర్లకు లీవుల్లేవని మొన్ననే గదరా, ఈ కుర్చీలనే కూసోని ఏడిచినవ్."

"ఒక్కరోజు ఇచ్చారు."

"రెండు బండ్లున్నయ్ అన్నవ్. ఎవరివి?"

"ఫ్రెండ్‌వి."

"ఏ ఫ్రెండ్?"

"నీకు తెలీదులే."

"ఈ దేశంల నీకున్న ఫ్రెండ్సంతా ఈ వంటింట్ల పెసరట్టు తిన్నోళ్ళే. ఎవరివి సాంబా?"

"ఏవండీ, పోనివ్వండి. అట్టు చల్లారిపోతోంది."

"చల్లారనీ. ఆరింటికి కదిలిస్తరు. తొలి షిఫ్టు ఏడింటికి. ఆరుగురు మనుషులు. చెట్ల సందు. ముప్ఫై అడుగుల పల్లం. కింద మలుపు. ఫౌండ్రీ వెనక కాలువ గట్టు గదరా అది! చలికాలం ఎవడూ మంచు తీయడు, ఎవడూ పోడని మేం అక్కడ పికెట్ కాపలా పెట్టలే. ముందు గేటు కాడ పీపాల కట్టెలు మండించుకొని మా వాళ్ళు నిలబడ్తున్నరు. మీరేమో వెనక నుంచి సమ్మె విరిచే స్కాబ్‌లను తోలుతున్నరు!"

"అరవకురా. పాప నిద్రపోతోంది."

"అరవనివ్వండన్నయ్యా. అరిచినా విద్యకి వినపడదు."

"నళినీ, ఇప్పుడా మాట ఎందుకు?"

"ఎప్పుడు మాట్లాడమంటారు? డిసెంబర్‌లో కావాల్సిన చెవి ఆపరేషన్. సమ్మె అని ఫౌండ్రీ వాళ్ళు ఇన్షూరెన్స్ ఆపేశారు, కార్డు చెల్లదని క్లినిక్ నుంచి తిప్పి పంపారు. టీచరు దాన్ని మొదటి వరసలో కూచోబెట్టింది. అక్కడా వినపడట్లేదట."

"సమ్మె గెలవంగనే మొదలు అయ్యే పని అదే. చెప్పిన గద."

"చెప్పారు. పదకొండు వారాలుగా చెప్తున్నారు."

"నువ్వు ఆగు. ముందు వీని సంగతి. సాంబా, ఎవరా ఆరుగురు?"

"చికాగో నుంచి వస్తున్నారు. చదువైపోయి ఉద్యోగం లేనివాళ్ళు."

"మనోళ్ళా?"

"నలుగురు మనవాళ్ళే."

"ఈడ సమ్మె నడుస్తుందని వాళ్ళకు చెప్పినవా?"

"వాళ్ళకి ఉద్యోగం కావాలిరా."

"చెప్పినవా?"

"చెప్తే వస్తారా?"

"అందుకా నల్ల కాగితం! బయటోళ్ళకు లోపల కనపడకుండ కాదు. లోపలోళ్ళకు బయట కనపడకుండ! పోయిన ఏడు కరిగిన ఇనుము మీద పడి కాలిపోయిన ఇద్దరి ఫొటోలు పట్టుకొని, గట్టుకు పోయే రోడ్డు మీదనే గేటు కాడ నిలబడ్డరు మా వాళ్ళు. అవి చూస్తే పోరగాండ్లు బండి దిగి పారిపోతరని!"

"నాకు వేరే దారి లేదురా. నా గ్రీన్ కార్డు కాగితాలు డైరెక్టర్ బల్ల మీదున్నాయి. ఆయన సంతకం పెట్టకపోతే ఏప్రిల్‌లో నేను, నా పెళ్ళాం, పిల్లలు పెట్టెలు సర్దుకోవాలి. ఆయన అడగలేదు. చెప్పాడు."

"ఆయన చెప్పిండు, నువ్వు చేసినవ్. మరి నా మాట? యూనియన్ హాల్ల మూడు వందల మంది ముందు ఒకడు లేచి అడిగిండు, మీ ఇండియనోళ్ళు కంపెనీ మనుషులటగా, గేటు దాటి పోతరటగా అని. కుర్చీ ఎక్కి చెప్పిన. మా వాళ్ళల్ల ఒక్కరు దాటినా నా యూనియన్ కార్డు చింపి మీ చేతుల పెడ్త అన్న. చప్పట్లు కొట్టిండ్రురా! ఈ దేశమొచ్చి తొమ్మిదేండ్లల్ల నాకు చప్పట్లు కొట్టింది ఆ ఒక్కరోజే."

"గేటు దాటట్లేదు కదరా. వెనక నుంచి పోతున్నాం."

"థూ! సిగ్గులేదా ఆ మాట అననీకి?"

"ఏమనమంటావు మరి? నిన్నెవరు ఇమ్మన్నారు మా అందరి తరఫునా మాట? నన్నడిగావా?"

"మూడేండ్లు ఒక్క గదిల, ఒక్క దుప్పటి కప్పుకున్నంరా ఇద్దరం. నిన్నడగాల్నా? మా నాయిన బెల్లంపల్లి బొగ్గు బాయిల పనిచేసిండు. సమ్మెల సొంత తమ్ముడు బాయిల దిగిండని, చచ్చేదాక వాని ఇంటి గడప తొక్కలే. నేనేమో నీకు పెసరట్లు తినబెట్టి, ఏ గేరు వెయ్యాల్నో, కాలు యాడ పెట్టాల్నో నా నోటితోని నేనే నేర్పిన."

"మోసం చెయ్యాలని రాలేదు భాస్కర్. బండి జారి కాలవలో పడితే ఆరుగురూ పోతారు. ఆ గట్టు మీద మంచులో ఏ బండి నిలబడుతుందో ఈ ఊళ్ళో తెలిసింది నీకే. నిన్ను కాక ఎవర్ని అడగను?"

"అడగనీకి నేను గావాలె. నిలబడనీకి మాత్రం నా పక్క నువ్వు రావు."

"ఆయనొక్కణ్ణే అనకండి."

"ఏమే?"

"అన్నయ్య చెడ్డ మనిషి కాదు. ఇబ్బందిలో ఉన్నాడు. అందరం ఉన్నాం."

"ఇబ్బంది అందరికుంది. గేటు కాడ నిలబడే మైక్ అనేటోని పెళ్ళానికి నెలలు నిండినయ్, ఆమెకు లేదా? వాడు కదిలిండా? సరే సాంబా, విను. రేపు పొద్దున ఐదింటికే ఆ మలుపు కాడ ఉంట. ఒక్కన్నే కాదు, ఇరవై మందితోని. జీపో, పికప్పో, ఏది తెస్తవో తే. అడ్డం నిలబడ్త. నా మీదికెళ్ళి తోలు."

"నేను తోలట్లేదురా. నాకు గేరు బండి రాదు."

"మరి ఎవడు?"

"ఎవరో ఒకరు. డ్రైవర్ని పెట్టుకున్నారు."

"ఎవరో ఒకరేంది? మంచుల ఆ గట్టు మీద తోలే డ్రైవరు బయటోడు కాదు, ఈ ఊరోడే అయ్యుంటడు. మా గ్యారేజీ వాడా?"

"కాదు."

"పేరు చెప్పు."

"నన్నడగకు భాస్కర్. చెల్లెమ్మా, నేను వెళ్తా. నా కోటెక్కడ?"

"కూచోండన్నయ్యా. ఎక్కడికీ వెళ్ళొద్దు."

"పోతే నేను కనుక్కోలేననుకుంటున్నవా? జీతం కోసం కొన్నరా వాన్ని?"

"జీతం కాదు. సంతకం పెట్టిన రోజు నుంచి ఇన్షూరెన్స్ ఇస్తామన్నారు. నన్నింకేం అడగకురా, దండం పెడతా."

"ఇన్షూరెన్స్‌కు అమ్ముడుపోయిండన్నట్టు! హాల్ల గోడ మీద పెద్ద అట్ట కట్టినం, తెలుసా? స్కాబ్‌ల పేర్లన్నీ దాని మీద రాస్తున్నం, చర్చికి పోయేటోళ్ళు, బడికి పోయేటోళ్ళు, అందరూ చూసేటట్టు. సమ్మె అయిపోయినా తుడిపేది లేదు. వాని పేరు అన్నిటికన్న పైన, ఎర్ర రంగుతోని నా చేత్తోనే రాస్త. చెప్పు, ఎవడు?"

"రాయండి. నళిని అని రాయండి. ఇంటిపేరు మీదే."