మూడో ఏటి గది

బొలీవియాలోని ఎల్ ఆల్తో ఊరు. అక్టోబరు నెల, పగలు పదకొండున్నర. వంటింటి బల్లకి చెరోవైపు సెవెరో, బాసిలియా. మధ్యలో అతని ఫోను.

"ఆవిడే అలా అందా, నువ్వు కలిపావా?"

"ఆవిడే అంది, సెవెరో. ఒరూరోలో హోటలు నడిపే దోన్యా రుఫీనా పొద్దున్నే ఫోన్ చేసింది. పోయిన కార్నివాల్‌కి ఎవరు దిగారో ఆ గది ముందు వాళ్లకేనట. ఇవాళ పన్నెండు దాకా ఆగుతుందట. ఆ తర్వాత కొచబాంబా బ్యాండు వాళ్లకి ఇచ్చేస్తుందట. డజను మందీ ఆ ఒక్క గదిలో సర్దుకుంటారట."

"కార్నివాల్ ఫిబ్రవరిలో. ఇప్పుడు అక్టోబరు. నాలుగు నెలల ముందు హోటలుకి అడ్వాన్సు కట్టే పిచ్చివాళ్లు ఎక్కడైనా ఉంటారా?"

"కార్నివాల్‌కి ఒరూరో పోయేవాళ్లంతా ఆ పిచ్చివాళ్లే. నువ్వూ కట్టావుగా ఇన్నాళ్లూ."

"ఒక్క శనివారం ఆటకి మూడు రాత్రుల డబ్బు తీసుకుంటుంది."

"మూడు రాత్రులైతేనే ఇస్తుంది. కొత్తగా వింటున్నట్టు మాట్లాడకు."

"మరి రాస్తారోకో చేస్తే? దారిలో కరకోయో దగ్గర రోడ్డు మీద రాళ్లు పోస్తే? పోలేకపోయినా ఆవిడ పైసా వెనక్కివ్వదు."

"పోస్తే దిగి నడుస్తాం. పదహారేళ్లుగా మినీబస్సు తోలుతున్నావు, రోడ్డు మూసేస్తే ఏ సందులో దూరాలో నీకు తెలీదా?"

"నా మోకాళ్లు..."

"నిన్న పక్కింటావిడ గ్యాసు బండ రెండంతస్తులు మోసిపెట్టావు."

"గ్యాసు బండ వేరు, మొరెనాద ఆట వేషం వేరు. పాతిక కిలోలు, బాసీ. దాని మీద ఆ మాస్కు. లోపల ఊపిరాడదు, ముందు ఎవడున్నాడో కనపడదు. మోస్తే తెలుస్తుంది."

"మోస్తే తెలుస్తుంది."

"అదే చెప్తున్నా."

"సరే. ఫోను తియ్యి."

"చార్జింగు లేదు."

"సగం ఉంది. చూశాను. డబ్బు కూడా నిన్ననే నీ ఫోనులో వేశాను. ఆవిడ పంపిన క్యూఆర్ తెరిచి నొక్కడమే."

"నొక్కడమే అయితే నువ్వే నొక్కు. ఇదిగో."

"నేను నొక్కను. నువ్వే నొక్కాలి."

"ఎవరు నొక్కితే ఏముంది?"

"ఆ రోజు మద్రీనా ఏమంది? గుర్తుందా?"

"పాఠం అప్పజెప్పాలా ఇప్పుడు?"

"అప్పజెప్పు."

"పటకమాయాలో నా చిన్నిల్లు సంగతి బయటపడింది. నువ్వు సంచీ సర్దుకుని తారీహాలో మీ అక్క దగ్గరికి బయల్దేరావు. మన పెళ్లికి పెద్దగా నిలబడింది కాబట్టి మద్రీనా దోన్యా ఎలోదియా వచ్చి గుమ్మానికి అడ్డంగా కూచుంది. ఇద్దర్నీ ఒరూరో మమీతా తల్లి పటం ముందు మోకాళ్లేయించింది. ఈ ఇంటి కాళ్లు మూడు కార్నివాళ్లు ఆడుకుంటూ తల్లి గుడి దాకా పోవాలంది. ఆ మూడూ తీరేదాకా నువ్వు ఇల్లు వదలకూడదంది. చాలా?"

"తీరాక?"

"తీరాక నీ ఇష్టం అంది."

"మరి ఎన్నయ్యాయి?"

"రెండు. మొదటి ఏడు ఆడాను. తర్వాతి ఏడు కాలు బెణికింది. పోయిన ఫిబ్రవరిలో ఆడాను. రెండు."

"కాలు బెణికింది."

"బెణకలేదా? ఒరూరోలో ఆ గదిలోనే పడి ఉన్నానుగా మూడు రోజులూ. నీకు తెలీదా? నా వేషం మెట్లు దింపి జట్టు పెద్ద దోన్ హసింతోకి తిరిగిచ్చేసింది నువ్వేగా?"

"నేనే దింపాను. పాతిక కిలోలూ."

"ఇచ్చేసి మద్రీనాతో కలిసి వీధి పక్క మెట్ల మీద కూచుని ఊరేగింపు చూస్తానని పోయావు. నేనొక్కణ్నే గోడలు చూస్తూ పడుకున్నా. దోన్ హసింతో అయితే ఇప్పటికీ వెక్కిరిస్తాడు. తాగినప్పుడల్లా నా భుజం మీద చెయ్యేసి, ఆ ఏడు భలే ఆడావు సెవెరో, మన జట్టులో నీ అడుగంత తేలిక ఎవడిదీ కాదు అంటాడు. మంచం దిగనివాణ్ని పట్టుకుని."

"నువ్వేమంటావు?"

"ఏమంటాను? నవ్వేసి ఊరుకుంటా."

"ఏ కాలు బెణికింది, సెవెరో?"

"కుడి."

"శుక్రవారం కట్టు కుడికాలికే ఉంది. ఆదివారం ఎడమకాలికి వచ్చింది."

"నువ్వు సరిగ్గా చూసి ఉండవు."

"శనివారం పొద్దున శాలువా మర్చిపోయి మెట్లెక్కి వెనక్కి వచ్చాను. తలుపు సందులోంచి చూస్తే నువ్వు కిటికీ దగ్గర నిలబడి, కింద బ్యాండు వాయిస్తుంటే కాలితో తాళం వేస్తున్నావు. కట్టు ఉన్న కాలితోనే."

"ఇన్నాళ్లూ తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ మంచం దగ్గరికే సూపు తెచ్చి తాగించావా? కాలు కింద దిండు పెట్టావా?"

"టైమెంతయింది?"

"బాసీ, నేను చెప్పేది విను..."

"పన్నెండుకి పది నిమిషాలు. వింటూనే ఉంటాను, ఫోను చేతిలోకి తీసుకుని చెప్పు."

"భయమేసింది. అంతే. మూడుకి మూడూ అయిపోతే నువ్వు పోతావు. ఒకటి మిగిల్చి పెడితే ఉంటావు. అది తప్ప నాకేం తోచలేదు."

"ఇప్పుడూ అదేనా? మోకాళ్లు, రాస్తారోకోలు, మూడు రాత్రుల డబ్బు, అన్నీ అదేనా?"

"అదే."

"గది లేకపోతే వేషం వేసుకోవడానికి చోటుండదు. వేషం లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే నేను కదల్లేను. అంతేనా లెక్క?"

"అంత వంకరగా అనకు."

"తిన్నగా ఎలా అనాలో చెప్పు, అలాగే అంటాను. ఒక మనిషిని ఇంట్లో ఉంచుకోడానికి నీకు దొరికింది ఇదొక్కటేనా? సగంలో ఆపేసిన మొక్కు?"

"ఇంకేం దొరకలేదు. చేయనిది ఏముంది చెప్పు? పటకమాయా రూటే వదిలేశాను. చీకటి పడకముందే ఇంటికొస్తున్నాను. జీతగాడిలా ఆదివారాలు నీ కూరగాయల మూటలు మోస్తున్నాను. అయినా నువ్వు మనసారా ఒక్కసారి నాతో నవ్వలేదు."

"జూన్‌లో నవ్వాను."

"ఎప్పుడు?"

"సాన్ హువాన్ పండగ రోజు. వీధిలో మంట దగ్గర వంగితే నీ టోపీకి నిప్పంటుకుంది. ఆర్పడానికి పక్కవాడి బీరు నెత్తిన పోసుకున్నావు. అప్పుడు."

"చూశాను. ఎగతాళి చేస్తున్నావనుకున్నాను."

"అలాగే అనుకుంటావు నువ్వు."

"మరి ఎలా అనుకోను? మంచం కింద ఆ సంచీ అలాగే ఉంది. ఆ రోజు కట్టిన ముడి అలాగే ఉంది. రోజూ పడుకోబోయే ముందు వంగి చూస్తాను, ఉందా లేదా అని. అది ఉంటే నువ్వు ఇంకా ఉన్నట్టు. అది కనపడకపోతే..."

"ఎప్పుడైనా విప్పి చూశావా?"

"ఎందుకు విప్పుతాను? నీ బట్టలేగా ఉండేది."

"సరే. ఐదు నిమిషాలుంది."

"బాసీ, ఒక్క మాట చెప్పు. ఇప్పుడు నేను నొక్కుతాననుకో. ఫిబ్రవరిలో పోతాం. ఆడతాను. మోకాళ్ల మీద గుడిలోకి పోతాను, మాస్కు తీసి తల్లికి దణ్ణం పెడతాను. అయిపోతుంది. ఆ తర్వాత ఉంటావా, పోతావా?"

"నొక్కు, చెప్తాను."

"ముందు చెప్పు, నొక్కుతాను."

"ముందు చెప్పేదైతే నిన్ను అడగడం దేనికి?"

"చూశావా? చెప్పవు. అంటే పోతావు."

"నేనేం అనలేదు."

"అననక్కర్లేదు. పో అని నా వేలితోనే నాచేత నొక్కించుకుందామనుకుంటున్నావు. ఏ మగాడైనా చేస్తాడా ఆ పని?"

"మొక్కు మొక్కినవాడు చేస్తాడు."

"ఒక పని చేద్దాం. వచ్చే ఏడు కడదాం. ఒట్టు. ఆగస్టులోనే కట్టేద్దాం, ఎవరూ అడగకముందే. ఈ ఒక్క ఏడు వదిలెయ్. మోకాలికి వైద్యం చేయించుకుంటాను, ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే..."

"మూడు నిమిషాలు."

"తల్లికి తొందరేముంది? వందల ఏళ్లుగా అక్కడే ఉంది."

"నాకుంది తొందర."

"ఎందుకు? ఎవరున్నారు తారీహాలో?"

"మా అక్క ఉంది. నీకు తెలుసు. సెవెరో, ఇంకోసారి అడుగుతున్నాను. మళ్లీ అడగను. నొక్కుతావా?"

"ఇదిగో, తెరిచాను. ఇక్కడేగా?"

"వేలు అక్కడిదాకా పోయిందిగా. ఇంకొంచెం."

"చేత కావట్లేదు."

"ప్రయత్నించు."

"చేత కావట్లేదు, బాసీ. నిన్ను నా చేత్తో పంపించలేను. కావాలంటే తిట్టు. మద్రీనాని పిలిపించి తిట్టించు. పడతాను."

"తిట్టను."

"మరి ఆ చూపేంటి?"

"గంట కొట్టారు. పన్నెండయింది."

"ఇంకా లేదు... అయింది. ఆగు, ఏదో వచ్చింది. దోన్యా రుఫీనా. 'గది బ్యాండు వాళ్లకి ఇచ్చేశాను, దోన్ సెవెరో. వచ్చే ఏడు చూద్దాం.' అదీ సంగతి. ఇక మనం చేసేదేం లేదు. ఏమంటావు?"

"ఏమీ అనను."

"కోపం వచ్చిందా?"

"లేదు."

"నిజంగా? అయితే రా, సెహా చౌక్‌లో చైరో సూపు తాగొద్దాం. వేడివేడిగా ఉంటుంది, నీకిష్టం కదా. వచ్చే ఏడు తప్పకుండా పోదాం. నువ్వే చూస్తావుగా. మూడోది ఎక్కడికీ పోదు."

"మూడోది అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"ఆ శనివారం శాలువా తీసుకోకుండానే మెట్లు దిగిపోయాను. నీ వేషం దోన్ హసింతోకి ఇవ్వలేదు. ఆయన దిగిన ఇంటి పెరట్లో, ఆయన లేనప్పుడు, మద్రీనా నాకు తొడిగింది. బూట్లలో గుడ్డలు కుక్కాం. మాస్కు పెట్టుకున్నాక సెవెరో ఎవరో బాసిలియా ఎవరో ఎవరికి తెలుస్తుంది?"

"ఏమంటున్నావు?"

"ఈ ఇంటి కాళ్లు అంది మద్రీనా. ఎవరి కాళ్లో అనలేదు. గుడి గుమ్మంలో మాస్కు తీసినప్పుడు దోన్ హసింతో చూశాడు. నీకు చెప్పొద్దని బతిమాలాను. అందుకే ఆ మాట అంటాడు. వెక్కిరింపు కాదు."

"నీ భుజాలు... ఆ ఆదివారం కమిలిపోయి ఉన్నాయి. జనంలో తోపులాట అన్నావు."

"అన్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ కాలు బెణకలేదని నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మళ్లీ మోసం చేశావని నేను ఆ రోజే పోవాలి. నాకు పోవాలని లేదు."

"ఆగు. ఆగు, బాసీ. మొదటి ఏడు నేను. రెండో ఏడు నువ్వు. పోయిన ఫిబ్రవరిలో నేను. అంటే..."

"మూడు."

"ఫిబ్రవరికే తీరిపోయిందా?"

"తీరిపోయింది."

"మరి మార్చి నుంచి? సాన్ హువాన్ రోజు? ఇవాళ పొద్దున? ఇన్ని నెలలూ దేనికున్నావు?"

"ఊరికే ఉన్నాను."

"బాసీ... అయితే ఇప్పుడు ఫోన్ చేస్తాను. దోన్యా రుఫీనాకి రెట్టింపు ఇస్తానంటాను. నిమిషం కూడా కాలేదు, బ్యాండు వాళ్లు ఇంకా కట్టి ఉండరు..."

"వద్దు. ఫోను పక్కన పెట్టి, మంచం కింద సంచీ ఇలా అందుకో, సెవెరో, బట్టలు సర్దుకోవాలి. బరువేం ఉండదులే. ఫిబ్రవరి నుంచీ ఖాళీగానే ఉంది."