చెప్పకుండా తాపిన పాలు

బొమ్మనహళ్ళి క్లినిక్ బయట బెంచీ మీద అత్తాకోడళ్ళు కూర్చున్నారు. లోపల నర్సు ఏడేళ్ళ పెద్దపిల్లకు రెండోసారి బీపీ చూస్తోంది. కోడలు ఒళ్ళోని నెలపాపను జోకొడుతూనే మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది.

“ఇంత చిన్నపిల్లకి బీపీ ఏందే?” అంది అత్త.

“డాక్టరమ్మ చెప్పింది కదత్తా. రెండు కేజీలు కూడా లేకుండా పుట్టి, ఏడాదిలోనే గబగబా లావెక్కిందంట. అట్లాంటి పిల్లలకి ముందుముందు గుండెకి ఇబ్బంది రావచ్చంట.”

“బొద్దుగుందని వీధంతా ముద్దు చేసిరి కదే!”

“పాలపొడి డబ్బా మీద రాసినట్టే కలిపి పెట్టి పోతాంటి. ఎట్ల లావెక్కిందో!”

అత్త కొంగు నలిపింది.

“నువ్వు గార్మెంట్స్ పనికి పోయినాక నేను ఇంకో సీసా తాపుతాంటి. నీకు చెప్పలే.”

జోకొట్టే చెయ్యి ఆగిపోయింది.

“నేనూ వచ్చినాక ఇంకోటి తాపుతాంటినత్తా. నువ్వు చాలీచాలకుండా తాపుతావనుకుంటి.”

పాప ఏడ్చింది. ఇద్దరి చేతులూ ఒకేసారి సంచిలోని పాలసీసా మీద పడ్డాయి.

“ఇదీ అంత సన్నంగానే పుట్టింది,” అంది కోడలు సీసా వదలకుండా. “ఈసారి ఎవురు తాపినా చెప్పి తాపల్ల.”

అత్త చెయ్యి తీసేసింది.

“అయితే ఇప్పుడే చెప్తాండా. పొద్దున నువ్వు నీళ్ళు పోసుకుంటాంటే ఒకటి తాపినా.”